గ్రాంటు మార్చిలో అయిపోతుంది, కేసు అయిపోదు కదా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పేదవాళ్ళ సివిల్ కేసులు చూసే చిన్న సంస్థల నుంచే, కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ వచ్చాయి. భరణం, పొలం గట్టు తగాదా, పాస్ పుస్తకంలో పేరు తప్పు పడటం, ఉన్న ఇల్లు ఖాళీ చేయమనడం, ఇలాంటి వాటికి దాత ఇచ్చిన డబ్బు ఎట్లా వాడాలి, ఎట్లా లెక్క చెప్పాలి అని. క్రిమినల్ కేసులో ముద్దాయికి స్థోమత లేకపోతే ప్రభుత్వమే లాయర్‌ని పెడుతుందని అందరికీ తెలుసు, సివిల్ గొడవ అనేసరికి మాత్రం "అది మీ ఇంటి విషయం" అని పక్కన పెట్టేస్తారు, ఇల్లు పోయినా పొలం పోయినా అది కూడా బతుకు పోవడమే కదా, అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నా. పేర్లు వేయట్లేదు, ఊర్లు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న (కళ్యాణదుర్గం నుంచి): అక్కా నమస్తే. మాది చిన్న సొసైటీ. ఒక ఫౌండేషన్ వాళ్ళు ఒక సంవత్సరానికి గ్రాంటు ఇచ్చినారు, దాంతో ఒంటరి ఆడోళ్ళవి భరణం కేసులు, పొలం కేసులు వేయించినాం. మొగుడు బెంగుళూరు పనికి పోయి మళ్ళీ తిరిగి చూడని వాళ్ళే ఎక్కువ. మార్చి 31తో గ్రాంటు అయిపోతుంది, ఇంక ఇయ్యలేం అని చెప్పేసినారు. కేసులు చూస్తే సాక్ష్యం దాకా కూడా రాలేదు, లాయర్లు మిగతా ఫీజు అడుగుతున్నారు. పిల్లల చదువు ప్రాజెక్టు డబ్బులు అకౌంట్లో ఉన్నాయి, తాత్కాలికంగా అవి వాడుకొని తర్వాత సర్దేస్తే ఏమవుతుంది?

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బు ముట్టుకోవద్దు. పిల్లల చదువుకని ఇచ్చిన డబ్బు పిల్లల చదువుకే. "తర్వాత సర్దేస్తాం" అనేది ఎప్పుడూ మంచి మనసుతోనే మొదలవుతుంది, కానీ ఆ తర్వాత ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు నీకు తెలీదు, రాకపోతే రెండు ప్రాజెక్టుల లెక్కలూ పాడైపోతాయి, ఇద్దరు దాతల నమ్మకమూ పోతుంది, చివరికి ఆ పిల్లలూ నష్టపోతారు ఈ ఆడవాళ్ళూ నష్టపోతారు. ఫలానా పనికని ఇచ్చిన గ్రాంటులో ఖర్చు కాని డబ్బు బ్యాలెన్స్ షీటులో అప్పు వైపు కనపడాలి, అంటే అది ఇంకా మీ సొంతం కాదని అర్థం.

ఇప్పుడు చేయాల్సినవి చెప్తా. ముందు, మార్చి లోపలే దాతకి ఒక ఉత్తరం పెట్టు, డబ్బు ఇంకా అడగకుండా గడువు మాత్రం పొడిగించమని. అకౌంట్లో ఎంత మిగిలింది, ఏ కేసు ఏ దశలో ఉంది, ఆ మిగిలిన డబ్బుతో ఎన్ని కేసులు ఎక్కడిదాకా లాగొచ్చు అని ఒక పేజీలో రాస్తే చాలామంది దాతలు ఒప్పుకుంటారు, ఎందుకంటే సగంలో ఆగిన కేసు వాళ్ళకీ మంచి పేరు కాదు. గడువు దాటాక అడిగితే మాత్రం అది పొడిగింపు అడిగినట్టు ఉండదు, తప్పుకి క్షమాపణ అడిగినట్టు ఉంటుంది. పొడిగింపు రాతపూర్వకంగా వచ్చాకే ఏప్రిల్‌లో ఖర్చు పెట్టాలి, ఫోన్లో "సరే కానీయండి" అన్నారని పెట్టొద్దు.

రెండోది, దీన్నే మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోతారు. నీ కేసులన్నీ ఆడవాళ్ళవి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్టు సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి, వరద కరువు లాంటి వాటిలో దెబ్బతిన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేదు, ఉచిత న్యాయసహాయం వాళ్ళ హక్కు. మిగతావాళ్ళకే ఆదాయ పరిమితి, మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షలు. కాబట్టి ఒక్కొక్కరి తరఫున మండల లీగల్ సర్వీసెస్ కమిటీకో, అనంతపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకో అప్లికేషన్ పెట్టించు, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. జైళ్ళ కోసం, ముద్దాయిల కోసం ఇప్పుడు వచ్చిన డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి క్రిమినల్ కేసులకే, సివిల్‌కి పాత పద్ధతిలోనే ప్యానెల్ అడ్వకేట్‌ని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్‌ని, ఇస్తారు. ఇప్పుడు నీ కేసులు చూస్తున్న లాయర్లలో ఎవరైనా ప్యానెల్లో ఉన్నారేమో కనుక్కో, ఉంటే ఆయన్నే ఇవ్వమని అప్లికేషన్‌లోనే రాయొచ్చు, ఇవ్వాలా వద్దా అనేది వాళ్ళ ఇష్టం కానీ అడగడం మన పని. కొత్త లాయర్ వస్తే పాత లాయర్ దగ్గర నో అబ్జెక్షన్ తీసుకొని వకాలత్ (లాయర్‌కి ఇచ్చే అధికార పత్రం) మార్పించాలి, ఫైలు మొత్తం, ముఖ్యంగా ఒరిజినల్ పత్రాలు, రాసుకొని సంతకం పెట్టించుకొని అప్పజెప్పాలి. ఈ మార్పులో ఒక్క వాయిదా మిస్ అయి కేసు డిస్మిస్ అయిందంటే ఆ మనిషికి మీరు చేసిన మేలంతా ఒక్క రోజులో పోతుంది, కాబట్టి మారే నెలలో ప్రతి వాయిదాకీ మీ వాళ్ళు ఒకరు కోర్టు హాల్లో ఉండాల్సిందే.

ఇంక ముందు ముందు గ్రాంటు రాసేటప్పుడు చేయాల్సిన మార్పు ఇది. మన వాళ్ళు బడ్జెట్‌లో "50 కేసులు, ఒక్కో కేసుకి ఇంత" అని ఒకే లైను వేస్తారు. సివిల్ కేసు అట్లా నడవదు కదా. ప్లెయింటు, అంటే దావా, వేయాలి, సమన్లు పోవాలి, అవతలివాడు బెంగుళూరులో ఏ సైటులో ఉన్నాడో తెలీక సమన్లు తిరిగొస్తాయి, మళ్ళీ పంపాలి, తర్వాత అవతలివాడి జవాబుగా రిటన్ స్టేట్‌మెంటు, ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు), సాక్ష్యం, వాదనలు, డిక్రీ. డిక్రీ వచ్చినా చేతికి డబ్బు రాదు, పొలం రాదు, ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేయాలి, అది ఇంకో కేసంత పని. సంవత్సరం గ్రాంటులో చాలా కేసులు సమన్ల దగ్గరే ఉంటాయి. అందుకని ఫీజుని దశలవారీగా విడగొట్టండి. ఉదాహరణకి ఒక పొలం కేసుకి మొత్తం 15 వేలు అనుకుంటే, వేసినప్పుడు 4 వేలు, సాక్ష్యం మొదలైనప్పుడు 5 వేలు, తీర్పుకి 3 వేలు, ఎగ్జిక్యూషన్‌కి 3 వేలు. ఇట్లా పెడితే మార్చి 31న ఇంకా ఎంత బాకీ ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది, దాతకి కూడా "ఈ సంవత్సరం 30 కేసులే కొత్తవి తీసుకుంటాం, మిగతా డబ్బు వాటి తర్వాతి దశలకి పక్కన పెడతాం" అని మొహం చూసి చెప్పగలుగుతారు. ఎక్కువ సంఖ్య చూపించాలనే ఆశతో 50 ఫైళ్ళు తెరిచి 50 మందినీ నడిమధ్యలో వదిలేయడం కంటే 30 మందికి చివరిదాకా నిలబడటం నాకు న్యాయంగా కనిపిస్తుంది. దాత అంత సంఖ్య కావాల్సిందే అని పట్టుబడితే ఆ గ్రాంటు వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే.

ఒక రిజిస్టర్ పెట్టండి, మామూలు పొడుగు నోటుబుక్కే చాలు. అడ్డంగా కేసు కోడ్, కోర్టు, కేసు నంబరు, ఇప్పుడున్న దశ, వచ్చే వాయిదా, ఇప్పటిదాకా ఇచ్చిన ఫీజు, ఏ గ్రాంటులో నుంచి ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి. ఆ చివరి గడి అన్ని కేసులకీ కూడితే వచ్చే మొత్తం చూడండి, అకౌంట్లో ఉన్న బ్యాలెన్స్ కంటే అది ఎక్కువైన రోజు నుంచి కొత్త కేసు తీసుకోకూడదు.

ఇంకొక్కటి, ఆ ఆడవాళ్ళకి ఈ విషయం ఈ వారమే చెప్పు. గ్రాంటు అయిపోతుందని వాళ్ళకి లాయర్ గుమాస్తా నోట తెలియకూడదు.

ప్రశ్న (ఆదోని నుంచి): మేము ఒక అడ్వకేట్‌ని నెల జీతానికి పెట్టుకుందాం అనుకుంటున్నాం, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరుకి మిరపకాయ కోతలకి వలస పోయేవాళ్ళ కూలి డబ్బుల కేసులు, పొలం కేసులు చూడటానికి. దాత జీతం లైను ఒప్పుకున్నారు. ఏమైనా ఇబ్బందా అక్కా?

జవాబు: ఇబ్బంది ఉంది, దాతకి కాదు, ఆ అడ్వకేట్‌కి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 49 ప్రకారం ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ ఎవరి దగ్గరా పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగిగా ఉండకూడదు. జీతం ఉద్యోగం ఒప్పుకుంటే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీస్ ఆపాలి, ఆపితే మీ కేసుల్లో కోర్టులో నిలబడేది ఎవరు? పాపం కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లలు ఇది తెలీక అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకుంటారు, తర్వాత అవతలి పార్టీ లాయర్ అదే కాగితం చూపించి ఇబ్బంది పెడతాడు.

దాని బదులు కేసుకింత, దశకింత అని ఫీజు ఒప్పందం రాసుకోండి, వాళ్ళు వేరే కేసులు కూడా చూసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉండాలి. ఆఫీసులో కూర్చొని కాగితాలు రాసే, ఊర్లు తిరిగే, తహసీల్దార్ ఆఫీసులో అడంగల్, 1బీ (పొలం రికార్డులు) కాపీలు తెచ్చే పని చేసేవాళ్ళని, లా చదివినా ప్రాక్టీస్ చేయని వాళ్ళనో పారా లీగల్ శిక్షణ ఉన్నవాళ్ళనో జీతానికి పెట్టుకోండి. దాతకి జీతం లైనుని ఫీజు లైనుగా మార్చమని ఒక ఈమెయిల్ పంపండి, కారణం రాస్తే ఎవరూ కాదనరు. ఫీజు ఇచ్చేటప్పుడు ఒక అడ్వకేట్‌కి ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ఫీజులోంచి ముందే తీసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, పట్టాలి, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 30 వేల నుంచి 50 వేలకి పెరిగింది. సొసైటీ అయినా ట్రస్టు అయినా పట్టాల్సిందే, మేము సేవ చేసేవాళ్ళం మాకెందుకు అంటే కుదరదు.

ప్రశ్న (కడప నుంచి): అడ్మినిస్ట్రేషన్ ఖర్చు గురించి. ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు) చూసేవాళ్ళు 5 శాతం మించి ఇవ్వకూడదు చట్టం ఉంది అంటున్నారు, విదేశీ గ్రాంటు ఉన్న ఇంకో సంస్థ వాళ్ళు 20 శాతం అంటున్నారు. మా అకౌంటెంట్ జీతం, ఆఫీసు బాడుగ ఎక్కడ వేయాలో అర్థం కావట్లేదు.

జవాబు: రెండూ వేరే వేరే చట్టాలు, కలిపేస్తున్నారు. కంపెనీల చట్టంలో ఉన్న 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చు మీద పరిమితి. మీ ప్రాజెక్టుని నేరుగా నడపడానికి, పర్యవేక్షించడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదు. కంపెనీ వాళ్ళు తమ పాలసీగా మీకు తక్కువ ఇస్తామంటే అది వాళ్ళ ఇష్టం, కానీ చట్టం అలా ఉందని ఒప్పుకొని వెనక్కి రావద్దు, మర్యాదగా అడగండి.

విదేశీ డబ్బు అయితే విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అక్కడ 2020 సవరణతో పాలనా ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అదే సవరణతో ఒక సంస్థ విదేశీ గ్రాంటు తీసుకొని ఇంకో సంస్థకి పంచడం కూడా ఆగిపోయింది, పెద్ద సంస్థ తీసుకొని మన లాంటి చిన్న సంస్థలకి ఇచ్చే దారి మూసుకుపోయింది, రాయలసీమలో చాలా చిన్న సంస్థలకి అక్కడే ఊపిరి ఆగినట్టయింది. డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచ్ అకౌంటుకే రావాలి, ఏడాది లెక్క ఎఫ్‌సీ-4 ఫారంలో డిసెంబర్ 31 లోపల వేయాలి. ఏది పాలనా ఖర్చు ఏది కాదు అనేది రూల్స్‌లోనే ఉంది: కమిటీ సభ్యుల ఖర్చు, ఆఫీసు బాడుగ, కరెంటు, అకౌంట్స్ ఇవన్నీ పాలనా ఖర్చే, ఆసుపత్రికి డాక్టర్ జీతం, బడికి టీచర్ జీతం లాంటివి మాత్రం సేవ ఖర్చు కిందికి వస్తాయి. ఆ లెక్కన కేసు కోసం అడ్వకేట్‌కి ఇచ్చే ఫీజు, ఊర్లు తిరిగి క్లయింట్లతో కూర్చునేవాళ్ళ జీతం సేవ ఖర్చుగా చూపించడానికి గట్టి ఆధారం ఉంది. మీ కోఆర్డినేటర్ సగం రోజు కేసులు చూసి సగం రోజు ఆఫీసు పని చేస్తే ఆ జీతాన్ని సగం సగం వేయండి, దానికి రోజువారీ టైమ్ షీటు ఉండాలి, సంవత్సరం చివర ఒకేసారి కూర్చొని నింపిన టైమ్ షీటు ఆడిటర్‌కి ఇంకు రంగు చూస్తేనే తెలిసిపోతుంది.

కంపెనీలతో మాట్లాడేటప్పుడు ఇంకో విషయం అడగండి. మీ ప్రాజెక్టుని మొదటి నుంచే ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా బోర్డులో పెట్టించమనండి. అట్లా పెడితే ఖర్చు కాని డబ్బుని కంపెనీ ప్రత్యేక అకౌంట్లో వేసి, మొదలైన సంవత్సరం కాక ఇంకో 3 సంవత్సరాల దాకా ఆ ప్రాజెక్టుకే వాడొచ్చు. సివిల్ కేసులకి ఇంతకంటే సరిపోయే పద్ధతి ఇంకోటి కనిపించదు, కళ్యాణదుర్గం అక్కకి వచ్చిన ఇబ్బంది ఇక్కడ రాదు. మాటిచ్చి సంతకాలయ్యాక అడిగితే లాభం లేదు, ప్రపోజల్‌లోనే రాయాలి.

ప్రశ్న (గుత్తి నుంచి): దాత మా క్లయింట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫోటోలు, కేసు కాగితాలు పంపమంటున్నారు, లేకపోతే రెండో విడత ఇవ్వం అంటున్నారు.

జవాబు: కేసు కాగితాలు పంపొద్దు. లాయర్‌కి క్లయింట్ చెప్పుకున్న మాటలు 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 కింద రక్షణలో ఉంటాయి, లాయర్ గుమాస్తాకి, ఆయన దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా అది వర్తిస్తుంది. ఆ రక్షణ క్లయింట్‌ది, దాన్ని ఇచ్చేసే హక్కు మీకు లేదు, దాతకీ లేదు. మొగుడు కొడుతున్నాడని వచ్చిన మనిషి ఫోటో ఏదో రిపోర్టులో, ఏదో వెబ్‌సైటులో కనపడి అదే ఫోన్లలో తిరిగి తిరిగి ఊర్లోకే వస్తే, ఆమె మళ్ళీ జన్మలో ఎవరి ఆఫీసు మెట్లూ ఎక్కదు.

కానీ దాత లెక్క అడగడం న్యాయమే, డబ్బు వాళ్ళది. కాబట్టి కోడ్ నంబర్లతో జాబితా పంపండి: కోడ్, మండలం, వయసు ఏ గుంపు, కేసు రకం, దశ, ఖర్చు. ఫీజు రశీదులో క్లయింట్ పేరు ఉంటే దాని మీద కాగితం అడ్డం పెట్టి జిరాక్స్ తీయండి. వాళ్ళ ఆడిటర్ వచ్చి చూస్తానంటే మీ ఆఫీసులోనే, మీ ఎదురుగానే, పేర్లు మూసిన ఫైలు చూడమనండి. ఎవరైనా తమ కథ చెప్పడానికి ఇష్టంగా ఒప్పుకుంటే, కేసు అయిపోయాక, తెలుగులో రాసిన ఒప్పుకోలు చదివి వినిపించి సంతకం తీసుకోండి. కేసు నడుస్తుండగా తీసుకున్న ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు అని నేను అనుకోను, సాయం ఆగిపోతుందేమో అని భయపడి పెట్టిన సంతకం అయ్యుండొచ్చు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): కేసు గెలిచినవాళ్ళ దగ్గర 500, 1000 విరాళంగా తీసుకుంటున్నాం, రశీదు ఇస్తున్నాం. తప్పా? ఇంకోటి, రాజీలో వచ్చిన డబ్బులు మా సంస్థ అకౌంటుకే వేయించి వాళ్ళకి ఇస్తున్నాం, వాళ్ళకి బ్యాంకు గొడవ తెలీదని. ఆదాయ సర్టిఫికెట్ లేకుండా వచ్చేవాళ్ళని తీసుకోవచ్చా?

జవాబు: విరాళం ఆపేయండి. గ్రాంటులో "ఉచితం" అని రాసి గెలిచాక తీసుకుంటే అది ఫీజే అవుతుంది, రశీదు ఇచ్చినా సరే. న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ అడ్వకేట్ అయితే క్లయింట్ దగ్గర ఒక్క రూపాయి తీసుకోవడానికి కూడా వీల్లేదు, ఎవరైనా అడిగితే జిల్లా సంస్థ సెక్రటరీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చని మీ క్లయింట్లకి మీరే చెప్పాలి.

రాజీ డబ్బు మీ అకౌంట్లోకి అస్సలు రాకూడదు. గ్రాంటు డబ్బు, క్లయింట్ డబ్బు ఒకే పాస్‌బుక్కులో కలిస్తే రేపు మీరు ఎంత నిజాయితీగా ఉన్నా నిరూపించుకోలేరు. ఆమెకి అకౌంటు లేకపోతే జీరో బ్యాలెన్స్ అకౌంటు తెరిపించండి, ఒక పూట పని, ఆ పూట ప్రాజెక్టు ఖర్చే.

లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఇంకొక చిన్న విషయం చూసుకోండి, ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ కోర్టు ఫీజు మీరు గ్రాంటు నుంచి కట్టి ఉంటే వెనక్కి వచ్చిన డబ్బు ఆ గ్రాంటుకే జమ కావాలి, సంస్థ ఇతర ఆదాయం కింద వేసుకోకూడదు. సంవత్సరం దాటాక వస్తే దాతకి ఒక లైను రాసి ఏం చేయమంటారో అడగండి. క్లయింట్ సొంతంగా కట్టి ఉంటే అది ఆమెదే, నేరుగా ఆమెకే.

ఆదాయ సర్టిఫికెట్ కోసం మనుషుల్ని తిప్పి పంపొద్దు. పైన చెప్పిన 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్టు సెక్షన్ 13 ప్రకారం ఆదాయం ఇంత అని ఆ మనిషి ఇచ్చిన అఫిడవిట్ చాలు, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప. ప్రభుత్వ సంస్థకే అఫిడవిట్ సరిపోతున్నప్పుడు కూలి పని మానుకొని మీసేవకి, తహసీల్దార్ ఆఫీసుకి తిరగమని మనం ఎందుకు అనాలి? దాత ఫారంలో సర్టిఫికెట్ అని ఉంటే ఆ సెక్షన్ చూపించి అఫిడవిట్ లేదా రేషన్ కార్డు అని మార్పించండి.

ప్రశ్న (కర్నూలు నుంచి): ప్రభుత్వం నుంచే ఈ పనికి గ్రాంటు వస్తుందా?

జవాబు: చట్టంలో ఉంది. అదే 1987 యాక్టు సెక్షన్ 4 కింద జాతీయ న్యాయసేవాధికార సంస్థ, అంటే నాల్సా, నిర్దిష్ట స్కీముల కోసం స్వచ్ఛంద సంస్థలకి గ్రాంటు ఇవ్వొచ్చు, దానికి జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో విడివిడిగా లీగల్ ఎయిడ్ ఫండ్లు ఉన్నాయి. ముందు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో నమోదై ఉండండి, జిల్లా సంస్థ సెక్రటరీ గారిని కలిసి ఊర్లలో న్యాయ అవగాహన సదస్సులకి, పారా లీగల్ వలంటీర్లకి మీ సాయం ఇస్తామని మొదలుపెట్టండి.

కేంద్రం డబ్బు వస్తే నియమాలు వేరే. గ్రాంటు మీద బ్యాంకు వడ్డీ మీది కాదు, లెక్కలు తేలాక అది కేంద్ర ఖజానాకి తిరిగి కట్టాలి, కాబట్టి విడిగా అకౌంటు పెట్టి వడ్డీ విడిగా రాసుకోండి. వినియోగ పత్రం, అదే యూసీ, కేంద్ర ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి, అది పోకుండా తర్వాతి విడత అడిగితే ఫైలు కదలదు. ఏ విడతకి ఏ యూసీ ఇచ్చారో జిరాక్స్ తీసి, అందిందని వాళ్ళ స్టాంపు వేయించుకొని, ఒక ఫైల్లో పెట్టండి, అక్కడి ఆఫీసర్లు మారిపోతూ ఉంటారు, కొత్తగా వచ్చినాయన అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ స్టాంపు కాగితమే.